తెల్ల పైపు

కృష్ణకాంత్‌కు పడవ పిచ్చి పట్టి మూడు నెలలయింది. ఆ మూడు నెలల్లోనే పడవల గురించి అతనికి తెలియనిదంటూ లేకుండా పోయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! హైదరాబాదులో ప్లాట్లు అమ్ముకునే మనిషి కొల్లాపూర్‌లో మామిడి తోట కొన్నాడు, తోటతో పాటు మూడడుగుల బొమ్మ పడవ కూడా కొన్నాడు. దానికి పెట్రోల్ ఇంజను, చేతిలో రిమోట్. ఇక అయ్యగారి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

ట్యాంకు బిగించడానికి అతను స్వర్ణ దుకాణానికి వచ్చింది ఆమె మీద గౌరవంతో కాదు. చిన్న ఇంజన్లు విప్పే చెయ్యి ఊళ్ళో ఇంకొకటి లేదు. పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు బాగుచేయడం ఆమె పని. పడవ ఇంజను చూడగానే స్వర్ణకు నవ్వొచ్చింది. అచ్చం గడ్డి మిషను ఇంజనే, ఎర్ర రంగు పూసుకొని కూచుంది.

ట్యాంకు పని బ్రహ్మవిద్యేమీ కాదు. డబ్బా లోపల పెట్రోల్ పీల్చే మెత్తని పైపు, దాని కొనకు ఇత్తడి గుండు. పెట్రోల్ ఎటు ఒరిగితే గుండు అటు జారి, పైపు కొసను అందులోనే ముంచి ఉంచుతుంది. లోపలికి గాలి రావడానికి ఇంకో పైపు. అంతే. కానీ కృష్ణకాంత్ తెచ్చింది తెల్లటి సిలికాన్ పైపు. అది పెట్రోల్‌లో నానితే ఉబ్బి వదులైపోతుందనీ, స్ప్రేయర్లకు వేసే పసుపు పైపు వేద్దామనీ స్వర్ణ చెప్పింది.

అతను ఫోనులో వీడియో చూస్తూ తల కూడా ఎత్తలేదు. "ఇది పడవ. మందు కొట్టే డబ్బా కాదు. చెప్పినట్టు చెయ్యి."

స్వర్ణకు ఒళ్ళు మండింది. ఆ మందు డబ్బానే ఇరవై ఏళ్ళు పత్తి చేన్లలో వీపున మోసి, తండ్రి గురవయ్య ఆమెను ఐటీఐ చదివించాడు. ఇంకొక్కసారి చెబితే కృష్ణకాంత్ వినేవాడేమో, ఆమె చెప్పలేదు. తెల్ల పైపే బిగించి, ట్యాంకు నింపి, ఇంజను తిప్పి చూపించింది. అప్పటికి బ్రహ్మాండంగా తిరిగింది. రెండు రోజులు నాననీ, అయ్యగారికే తెలుస్తుంది అనుకుంది. ఆదివారం నది ఒడ్డున, సోమశిల రేవులో పడవ ఆట. పసుపు పైపు ముక్క ఒకటి సంచిలో వేసుకొని మరీ వెళ్ళింది, పడవ ఆగగానే నలుగురిలో అతని మొహం ముందు ఆడిద్దామని.

రేవులో గురవయ్య గుండ్రటి తట్టలాంటి పుట్టిని ఒడ్డుకు కట్టుకొని కూచున్నాడు. పడవ నడుమ ఆగితే తెచ్చిపెట్టే మనిషి కావాలని కృష్ణకాంత్ అడిగితే, తనే వస్తానన్నాడట. అంటే పడవ ఆగితే నీళ్ళ నడుమకు వెళ్ళాల్సింది తండ్రే. అప్పుడైనా చెప్పొచ్చు. కానీ నల్లద్దాలు పెట్టుకొని, సముద్రాలు దాటొచ్చిన కెప్టెన్‌లా చుట్టాలకు పాఠాలు చెబుతున్న ఆ వాలకం చూసేసరికి ఆమె నోరు మళ్ళీ మూతపడింది. గురవయ్య మాత్రం కనబడిన వాళ్ళందరికీ అదే మాట చెబుతున్నాడు. "దీని ట్యాంకు మా బిడ్డె బిగించింది."

పడవ రెండు చుట్లు దూసుకుపోయింది. మూడో చుట్టులో, నీళ్ళ నడుమ, రెండు దగ్గులు దగ్గి ఆగింది. అప్పటికే ఆషాఢం గాలి లేచింది.

తప్పెవరిదో తేల్చడానికి కృష్ణకాంత్‌కు అర నిమిషం పట్టలేదు. స్ప్రేయర్లు బాగుచేసేవాళ్ళకిస్తే ఇంతేనని చుట్టాలతో అన్నాడు. గురవయ్య తెడ్డు పట్టుకొని అతని వైపు తిరిగాడు.

"నా బిడ్డె పనిల తప్పుండదు సార్. నీళ్ళల్ల ఏదో తట్టుకున్నది. తెచ్చి సూపిస్త."

తాను వెళ్తానని స్వర్ణ అడ్డం పడినా వినలేదు. పుట్టి గాలికి గిరగిరా తిరిగింది. ఒక అల లోపలికే కొట్టింది. అరవై దాటిన మనిషి, డబ్బా పట్టీలు అరగదీసిన భుజాలు. తెడ్డు వేసినప్పుడల్లా ఎడమ చెయ్యి లేవక ఒరిగిపోతున్నాడు. స్వర్ణ సంచి గట్టిగా పట్టుకొని నిలబడింది. కృష్ణకాంత్‌ను తిట్టుకుందామన్నా తిట్టు రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

అరగంటకు గురవయ్య తడిసి ముద్దయి ఒడ్డుకు చేరాడు. కెప్టెన్ గారు అప్పటికే చుట్టాలతో బిర్యానీకి కూచున్నారు. గురవయ్య పడవను ఇసుకలో పెట్టి ట్యాంకు ఊపాడు. గుండు విడిపోయి అడుగున గలగలమంది. మూత లాగితే తెల్ల పైపు ఉబ్బి వేలాడుతూ వచ్చింది.

"గీ పైపు పెట్రోల్‌కు ఆగదని నీకు తెల్వదా బిడ్డా?" గొంతు తగ్గించి అడిగాడు.

తెలియదంటే అక్కడితో పోయేది.

"తెలుసు నాయినా. ఒకసారి చెప్పిన. మందు డబ్బా కాదన్నడు. మల్ల చెప్పబుద్ధి కాలే." అంటూ సంచిలోంచి పసుపు పైపు తీసింది.

గురవయ్య ఆ ముక్క వైపు చూశాడు. అది ఇంటి దగ్గర నుంచే ఎందుకొచ్చిందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"తెల్వక చేసినవన్నా బాగుండు" అని, పుట్టిలో నీళ్ళు తోడడానికి లేచాడు.

దారిలో ఎవరో పడవకేమైందని అడిగారు. ఆయన ఆగకుండానే జవాబు చెప్పడం స్వర్ణకు వినిపించింది.

"నీళ్ళల్ల ఏదో తట్టుకున్నది."