గేటు ముందు కూర్చున్నవాళ్లు

పురపాలక భవనం గోడకి పాత మిల్లు సమ్మె బొమ్మ వేసే పని దక్కగానే చిత్రకారిణి ఎగిరి గంతేసింది. ఆ సమ్మెలో వాళ్ల అమ్మమ్మ ఉంది మరి! అందుకే పద్నాలుగు అడుగుల బట్ట మీద, జుట్టు విరబోసుకుని, జెండా ఎత్తి, గుర్రపు పోలీసుల మీదికి ఉరికే పడుచుకి అమ్మమ్మ ముఖమే పెట్టింది. ఆరు నెలలు ప్రాణం పెట్టి వేసింది.

బొమ్మ చూడ్డానికి అమ్మమ్మ ఆయాసపడుతూ మూడంతస్తులు ఎక్కి మనవరాలి గదికొచ్చి, కళ్లజోడు తుడుచుకుని చూసింది.

"ఎవరే ఈవిడ?"

"నువ్వే అమ్మమ్మా!"

అమ్మమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "జుట్టు అలా వదిలేసి మిల్లులోకెళ్తే యంత్రం బెల్టు లాగేసి గుండు చేసేది. గట్టిగా ముడేసి గుడ్డ కట్టుకునేవాళ్లం. పైగా పరుగా? పది గంటలు నిలబడి పనిచేశాక కాళ్లెక్కడివే? గేటు ముందు కూలబడ్డాం. లెమ్మన్నారు. లేవలేదు."

"మరి గుర్రాలు?"

"మా మీదిదాకా వచ్చాయి. పక్కదాని చెయ్యి పట్టుకున్నా. దానిదీ వణుకుతోంది, నాదీ వణుకుతోంది. అయినా లేవలేదు. సాయంత్రానికి గుర్రాలే వెనక్కి తిరిగాయి."

మనవరాలికి ముందు ఒళ్లు మండింది, తర్వాత సిగ్గేసింది. ఇంట్లో మనిషిని ఒక్క మాటైనా అడగకుండా ఇంత బొమ్మ వేసినందుకు తనని తానే తిట్టుకుంది. రెండు నెలల గడువు అడిగి, జెండాతో సహా అంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి నేల మీద నలభైమంది ఆడవాళ్లు, తలలకి గుడ్డలు. ఒకామె చెప్పు విప్పి మడమ నొక్కుకుంటోంది. అందరి చేతులూ పక్కవాళ్ల చేతుల్లో ఉన్నాయి.

బొమ్మ తీసుకెళ్లడానికి కూలీలతో పురపాలక ఛైర్మన్ వచ్చాడు. మొదటి బొమ్మని ఇదివరకే చూసి మెచ్చుకున్న ఆయన ఇప్పుడు ముఖం మాడ్చుకున్నాడు.

"ఇదేంటమ్మా, బస్సు కోసం కూర్చున్నట్టున్నారు! జెండా ఏది? నాయకురాలేది? పాతదే మళ్లీ వేయండి. లేదంటే పని ఇంకొకరికిచ్చేస్తాం."

చిత్రకారిణి బొమ్మ వైపు ఒకసారి చూసింది. అంత పెద్ద గోడ జీవితంలో మళ్లీ దొరకదు.

"వేయనండీ," అంది.

మూల కుర్చీలోంచి అమ్మమ్మ లేచి వచ్చింది. "నాయకురాలే కావాలా నాయనా? కళ్లు మూసుకుని బొమ్మ మీద వేలు పెట్టు. ఎవరి మీద పడితే ఆవిడే."

ఛైర్మన్ వేలు ఎత్తాడు. కళ్లు మాత్రం మూసుకోలేదు. ఒక్కొక్క ముఖమే చూస్తూ చాలాసేపు నిలబడి, చెయ్యి దించేసి, బొమ్మని జాగ్రత్తగా ఎత్తమని కూలీలకి చెప్పాడు.

ఆ ముసలిదాని మనవరాలినని ఊరంతా తిరిగి చెప్పుకోవాలనిపించింది చిత్రకారిణికి.