మగ్గాల ఇంటి గొంతు

"ఏమండీ, మీ ఫోను మోగతా ఉండాది" అని గీతాంజలి వంటింట్లోంచి కేకేసింది. ఒక చేత్తో టమాటా పచ్చడికి తాలింపు వేస్తూ, ఇంకో చేత్తో కాలుతున్న ఇడ్లీ రేకులు తడిగుడ్డతో దించుతూ ఉందేమో, గొంతు కాస్త పైకి లేచింది.

"మెల్లిగా చెప్పు గీతా. వీధంతా ఇనాల్నా?" హాల్లోంచి మోహన్‌కృష్ణ జవాబు వచ్చింది. ఫోను మాత్రం మోగి మోగి ఆగిపోయింది.

మొగుడి నోట ఆ మాట ఆమెకు కొత్త కాదు. నగరిలో ఆమె పుట్టిన ఇంట్లో రెండు పవర్‌లూమ్ మగ్గాలు. తెల్లారిందగ్గర్నించి దీపాలు పెట్టేదాకా ధడధడమంటూనే ఉంటాయి. అన్నం తిన్నావా అని అడగాలన్నా అరవాల్సిందే. ఆ గొంతుతోనే ఆమె తిరుపతిలో కాపరానికి వచ్చింది. వచ్చిన వారంలోపే అత్త వసంతమ్మ పక్కన కూర్చోబెట్టుకుని, "చూడమ్మాయ్, ఇది మగ్గాల ఇల్లు కాదు. మా ఇండ్లల్లో ఆడోళ్ళ మాట వంటిల్లు దాటి పోదు" అని చెప్పింది. తను పనిచేసే రేణిగుంట గోడౌన్ నుంచి స్నేహితులు భోజనానికొస్తే, మోహన్‌కృష్ణ "మా ఆవిడకి మైకు అక్కర్లేదప్పా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది. గ్యాసు సన్నం చేసినట్టు ఏడాదికి కాస్త చొప్పున గొంతు తగ్గించుకుంటూ వచ్చింది. ఇప్పుడామె మాట్లాడితే పక్కన కూర్చున్నవాళ్ళు కూడా తల వంచి వినాలి. "కోడలు ఎంత నెమ్మదస్తురాలో" అని బంధువులు మెచ్చుకుంటారు.

ఆ నెమ్మదే ఆమె నెత్తికి గైడెన్స్ విభాగాన్ని తెచ్చిపెట్టింది. పుత్తూరు దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో ఆమె సోషల్ టీచరు. ప్రతి హైస్కూలుకీ పిల్లలకి మంచీచెడ్డా చెప్పే గైడెన్స్ విభాగం ఉండాలని యాజమాన్యం అనుకున్నప్పుడు హెడ్మాస్టరు సుబ్రమణ్యం స్టాఫ్‌రూమంతా ఒకసారి కలయజూసి, "మీరైతే పిల్లలకి బాగా నచ్చజెప్తారు మేడమ్. ఆ గొంతే అట్లాంటిది" అన్నాడు. ఆటసామాన్ల గది సగం ఖాళీ చేసి, గాలిపోయిన ఫుట్‌బాళ్ళ పక్కన రెండు కుర్చీలు వేసి, గుమ్మానికి బోర్డు తగిలించారు. ఆమె క్లాసులు ఒక్కటీ తగ్గించలేదు. మగ టీచర్లు తీరిగ్గా క్యారియర్లు విప్పుకునే మధ్యాహ్నం పూటే ఆమె గైడెన్సు. ఆడపిల్ల యూనిఫాం మీద మరక పడితే గైడెన్సు. ఎవడో బెంచీ మీద ప్రేమ కవిత చెక్కితే గైడెన్సు. ముఖ్య అతిథి వస్తున్నాడు, కుంకుమ పళ్ళెం పట్టుకునే మనిషి కావాలంటే అదీ గైడెన్సే. చివరికి ఆమెకు అర్థమైందేమిటంటే, నోరున్న పిల్లల్ని ఆ గదిలోకి పంపిస్తారు, నోరు మూసుకున్న పిల్లల్ని తిరిగి తీసుకుంటారు. ఆ పని ఆమెకు బాగానే చేతనవును. పెళ్ళైనప్పట్నుంచీ తనకు తాను చేసుకుంటున్నదే కదా.

పదో తరగతి భవితను లెక్కల సారు దయానంద్ ఈ ఏడాది చాలాసార్లే పంపాడు. పిలిస్తే పలకదట. గట్టిగా అడిగితే కొట్లాటకొచ్చినట్టు అరుస్తుందట. "పొగరు మేడమ్. అణువణువునా పొగరే. ఇంక ఆ పిల్లన్నా ఉండాల, నేనన్నా ఉండాల" అని దయానంద్ తేల్చేశాడు. సుబ్రమణ్యం అందుకు తగ్గ దారి కనిపెట్టాడు. "శుక్రవారం వాళ్ళ నాయన్ని రమ్మన్నా. టీసీ తీసుకోని పొమ్మని మీరే మెత్తగా చెప్పి పంపించండి. పబ్లిక్ పరీక్షల ముందు మనకెందుకీ తలనొప్పి?" అన్నాడు.

గీతాంజలి తల ఊపింది కానీ మనసు ఒప్పలేదు. పదో తరగతి మధ్యలో బయటికి పంపితే ఏ బడీ చేర్చుకోదు. భవితది నగరి, మగ్గాల ఇల్లు. ఇక ఆ పిల్ల కండెలు చుట్టుకుంటూ, దారం పోగులు అతుక్కుంటూ ఉండిపోతుంది. ఆ సంగతి గీతాంజలికి ఎవరూ చెప్పక్కర్లేదు.

బుధవారం మధ్యాహ్నం భవిత వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. గీతాంజలి ఎప్పటిలాగే తగ్గు గొంతుతో మొదలుపెట్టింది. పెద్దవాళ్ళు, మర్యాద, భవిష్యత్తు. పిల్ల తల ఊపుతూనే ఉంది. మాట్లాడుతూనే గీతాంజలి లేచి వెనక్కి తిరిగి, అల్మారాలో నీళ్ళ సీసా వెతుకుతూ, "నీళ్ళు తాగతావా?" అని అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. లేదు. దయానంద్ చెప్పింది నిజమేనేమో అనుకుంటూ విసుగ్గా ఇటు తిరిగింది.

పిల్ల చూపు గబుక్కున వచ్చి ఆమె పెదాల మీద వాలింది.

గీతాంజలికి ఒళ్ళు జల్లుమంది. ఆ చూపు ఆమె ఎరిగినదే. మగ్గాల షెడ్డులో మాట వినబడదు కాబట్టి అందరూ పెదాలే చూస్తారు. ఆమె అమ్మ అట్లా చూసేది, నాయన అట్లా చూసేవాడు. ఆమె గది చివరిదాకా నడిచి కిటికీ దగ్గర నిలబడి, గొంతు బొత్తిగా తీసేసి, ఉత్త పెదాలు మాత్రం కదిలించి అడిగింది: పొద్దున టిఫిన్ ఏం తిన్న్యావు?

"పొంగలి మేడమ్!" అని అరిచింది భవిత.

ఆ అరుపు విని గీతాంజలి అక్కడే ఫుట్‌బాళ్ళ బుట్ట మీద కూలబడిపోయింది. ఏడాదిగా ఈ పిల్లకి ఎంత మెత్తగా, ఎంత ఓపిగ్గా బుద్ధులు చెప్పింది! తను తల వంచుకుని గుసగుసగా చెప్పిన మాట ఒక్కటీ ఆ పిల్లకి చేరలేదు.

మర్నాడు సెలవు పెట్టింది. అత్తవారింటి శుభకార్యానికి కాకుండా సెలవు పెట్టడం అదే మొదలు. భవితనూ వాళ్ళ నాయన ఎల్లప్పనూ తిరుపతిలో చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. పరీక్షలయ్యాక డాక్టరమ్మ వాళ్ళ ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్పింది. మగ్గాల చప్పుడుకి రెండు చెవులూ కొంత దెబ్బతిన్నాయి. చెవికి మిషను పెడితే క్లాసులో బాగానే వినబడుతుంది, ఇకమీదట షెడ్డులోకి మాత్రం పంపకూడదు.

ఎల్లప్ప బిడ్డ తలమీద చెయ్యి పెట్టి, గదంతా అదిరేటట్టు, "అయితే పొగరు కాదు గదా మేడమ్? నా బిడ్డది పొగరు కాదు గదా?" అని అడిగాడు. కాదన్నా మళ్ళీ అడిగాడు. కాదని తెలిశాక మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ నవ్వింది. "మగ్గాల ఊళ్ళోంచి వచ్చేవాళ్ళు చాలామంది ఇంతేనమ్మా. పెద్దవాళ్ళైతే ఒప్పుకోనే ఒప్పుకోరు. మరి ఫోనులో పెదాలు కనబడవు కదా, ఏం చెప్పినా ఊఁ, మంచిది అనేస్తారు."

ఆ ఊఁ, మంచిది అన్న మాట గీతాంజలి గుండెకు తగిలింది. పెళ్ళైన రెండో ఏడు ఒక మధ్యాహ్నం, వంటింటి తలుపు దగ్గరికి వేసుకుని, అత్తకు వినబడకుండా తన అమ్మకు ఫోను చేసింది. అమ్మా, నేనీడ ఉండలేను, వచ్చేస్తాను అంది. అవతల అమ్మ మునిరత్నమ్మ, "ఊఁ, మంచిదిమ్మా. అందురూ బాగుండారు గదా" అని ఫోను పెట్టేసింది. కన్నతల్లే అట్లా అంటే ఇక ఎవరికి చెప్పుకోవాలి? మళ్ళీ ఆమె అమ్మ దగ్గర ఆ సంగతి ఎత్తలేదు. పండక్కో పెళ్ళికో పోయినా, పొడిపొడిగా మాట్లాడి వచ్చేసేది. ఇన్నేళ్ళూ లోపల రగులుతూనే ఉంది.

శుక్రవారం ఎల్లప్ప హెడ్మాస్టరు గదిలోకి వస్తూనే "నమస్కారం సార్!" అని కేక పెట్టాడు. సుబ్రమణ్యం మొహం చిట్లించి, "చూసినారా మేడమ్, తండ్రికీ అదే పొగరు" అన్నాడు. గీతాంజలి మెల్లిగా మొదలుపెట్టింది. ఆయన మధ్యలోనే అందుకుని, "అవన్నీ తర్వాత. ముందు టీసీ సంగతి చెప్పండి" అన్నాడు.

అప్పుడొచ్చింది ఆమె గొంతు. పొట్టలోంచి వచ్చింది.

"టీసీ ఇచ్చేది లేదు సార్! చెవులు సరిగా ఇనపడని పిల్లని పొగరని ఇన్నిసార్లు నా దగ్గిరికి పంపినారు. నేను కూడా గుసగుసలాడి తిప్పి పంపినాను. తప్పు నాదీ ఉండాది, మీదీ ఉండాది. ఆ పిల్ల మొదటి బెంచీలో కూర్చుంటాది, పరీక్ష రాస్తాది!"

పక్క క్లాసులో పాఠం ఆగిపోయింది. "మేడమ్, మేడమ్, మెల్లిగా" అన్నాడు సుబ్రమణ్యం కంగారుగా.

"మెల్లిగా చెప్తే ఇప్పుడే గదా సార్, అడ్డం పడినారు."

ఆ గొంతు విని గుమ్మంలోకొచ్చి నిలబడ్డ దయానంద్ మొహం పాలిపోయింది. "నేను బోర్డు వైపు తిరిగి పాఠం చెప్తాను మేడమ్. నాకు తట్టనే లేదు" అన్నాడు. ఇక పిల్లల వైపు తిరిగి చెప్తానని తనంతట తానే అన్నాడు. లెక్కల సారే అట్లా అన్నాక సుబ్రమణ్యానికి పట్టు సడలింది. సరే ఉండనీండి అన్నాడు. ఊపు మీదుండగానే గీతాంజలి, గైడెన్సుకు టైంటేబుల్లో పీరియడ్లు కావాలనీ, కుంకుమ పళ్ళెం ఇక తను పట్టుకోననీ కూడా చెప్పేసింది. దానికీ ఆయన సరే అన్నాడు. అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. ఎంత హాయిగా ఉందో ఆమెకు! తిరునాళ్ళలో పిల్లలా గట్టిగా నవ్వాలనిపించింది.

సాయంత్రం తిరుపతి బస్సు ఎక్కలేదు. రోడ్డు దాటి అవతలి పక్క నగరి బస్సు ఎక్కింది. మోహన్‌కృష్ణ ఫోను చేసి వచ్చేటప్పుడు పెరుగు తెమ్మన్నాడు.

"నేను మా అమ్మోళ్ళింటికి పోతా ఉండా. పెరుగు మీరు తెచ్చుకోండి."

"ఎందుకట్లా అరుస్తావు?"

"అరవలేదు. నా గొంతే ఇది" అంది. ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ అనుకుంది.

నగరిలో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. మునిరత్నమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. గీతాంజలి పోయి ఎదురుగా గొంతుక్కూర్చుని, అమ్మ గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, మగ్గాల చప్పుడు మీదుగా, ఆ రోజు ఫోనులో ఏం చెప్పిందో మొత్తం మళ్ళీ చెప్పింది.

మునిరత్నమ్మ బిడ్డ పెదాలనే చూస్తూ చివరిదాకా విన్నది. రాట్నం దానంతటదే తిరిగి తిరిగి ఆగింది.

"నాకు ఇనపల్యా తల్లీ" అంది. కళ్ళు నిండిపోయాయి. "నువ్వు సుకంగా ఉండావని సెప్తా ఉండావనుకొంటి. ఇనపడి ఉంటే, ఆ పొద్దే వచ్చి నిన్ను పిల్సకోని పోయుంటి గదే!"