సిగ్నల్‌కు అడ్డం

ఆ ఇంట్లో దిగిన కొద్ది రోజులకే, ఆమె గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని ఆఫీసు నుంచి మాట పడింది. ఆమెది బీమా కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం. ఇంట్లోంచే చేయాలి. అవతలివాళ్ళ తిట్లన్నీ ఓపిగ్గా విని, చివర్లో "మీ ఇబ్బంది నాకర్థమైందండీ" అనాలి. ఆ ఒక్క మాటా వాళ్ళకు చేరకపోతే పడ్డ తిట్లన్నీ దండగే.

వైఫై పెట్టె ముందు గదిలో ఉంది. ఆమె బల్ల వెనక గదిలో. రెంటికీ మధ్య కిటికీలు లేని పొడుగాటి నడవ. నెట్ కనెక్షన్ కుర్రాడు వచ్చి, ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. నడవ సగం వరకూ సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. సగం దాటగానే పడిపోయాయి. అతను అటూ ఇటూ గోడలు తట్టి చూశాడు.

"గోడల్లో ఏం లేదమ్మా. సిగ్నల్ ఖాళీ చోట పోతోంది. దారిలో అద్దమో నీళ్ళ ట్యాంకో ఉంటే ఇలా అవుతుంది. మనిషి అడ్డమున్నా తగ్గుతుందనుకోండి, ఒంట్లో ఉండేది చాలా మటుకు నీళ్ళే కదా!" అని నవ్వాడు. "అయినా పెట్టెను చెప్పుల స్టాండు మీద పెట్టారేంటి? నేల మీద పెట్టినట్టే. కాస్త పైకెత్తితే సరి."

టీవీ బల్ల మీదికి మార్చాడు. వెనక గదిలో గీతలు నిండాయి. ఆమె ఊపిరి పీల్చుకుంది.

నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొచ్చింది. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏదైనా పనిచేయడం లేదంటే అతని చెయ్యి ఊరుకోదు. గోడకు చెక్క కొట్టి, పెట్టెను నడుమెత్తున పెట్టాడు. కొన్నాళ్ళు బాగుంది. మళ్ళీ పోయింది. ఒక ఆదివారం పొద్దున పెట్టెను చేత్తో పట్టుకుని మెల్లగా పైకెత్తుతూ, "ఇప్పుడు?" అని అడిగాడు. వెనక గదిలోంచి ఆమె "లేదు... లేదు... ఆఁ, వచ్చింది!" అని కేకేసింది. పెట్టె అతని ఛాతీ దాటితే గాని గీతలు రాలేదు. తర్వాతి ఆదివారానికి గడ్డం దాటాల్సి వచ్చింది.

"ఏదో పెరుగుతున్నట్టుంది" అన్నాడు. తమాషాకే అన్నాడు గాని గొంతులో తమాషా పలకలేదు.

ముందు గదిలో కూరగాయలు తరుగుతున్న అతని తల్లి తలెత్తింది. ఆవిడ ఉద్యోగమంతా ఆసుపత్రిలో ఆయాగా గడిచింది. ఎంతమంది రోగులను లేపి కూర్చోబెట్టిందో లెక్కలేదు.

"పెరగడం కాదురా, లేస్తోంది. మనం వచ్చినప్పుడు నేల మీద పడుకుని ఉంది. తర్వాత లేచి కూచుంది. ఇప్పుడు నిలబడింది. మంచాన పడ్డవాళ్ళు లేచేది ఇట్లాగే, ఆగి ఆగి."

"అమ్మా, ఊరుకో!"

ఆ రోజు నుంచి ఆవిడ నడవలో నడిచేటప్పుడు కొంగు దగ్గరికి లాక్కుని, గోడ పక్కనుంచి ఒదిగి వెళ్ళేది. కోడలు అది చూసింది. చూడనట్టు ఉండిపోయింది.

అతను పెట్టెను కప్పుకు ఆనించి బిగించాడు. ఈసారి ఎత్తుతో పని లేకపోయింది, చోటు మారింది. మొన్న నడవ మధ్యలో పడిపోయిన గీతలు నిన్న స్నానాల గది తలుపు దగ్గర, ఇవాళ వెనక గది గుమ్మానికి అడుగు దూరంలో పడిపోతున్నాయి.

"ఇల్లు మారిపోదాం" అన్నాడు భర్త, ఫోను జేబులో పెట్టుకుంటూ. ఆమె తలూపింది. కానీ అనుకోగానే ఇల్లు దొరుకుతుందా? ఆఫీసు సెలవూ ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నం ఒక పెద్దాయన ఫోను చేశాడు. గాలికి ఇంటి పైకప్పు లేచిపోయిందట. బీమా డబ్బు ఇవ్వడం కుదరదని కంపెనీ అందట. ఆయన అరుస్తుండగానే గీతలు ఒక్కొక్కటే పోయాయి.

"వింటున్నారా? అసలు అక్కడ మనిషున్నారా?"

"ఉన్నానండీ! వింటున్నానండీ!"

ఆమె మాట అటు పోవడం లేదు. తల తిప్పి చూసింది. గుమ్మం ఖాళీగా ఉంది. కానీ ఆఫీసు కౌంటరు ముందు తన వంతు కోసం నిలబడ్డ మనిషి ఎలా చూస్తాడో, అలా ఎవరో తననే చూస్తున్నట్టు తెలిసిపోయింది. కేకేద్దామనుకుంది. ఆఖరికి నోట వచ్చింది రోజూ అలవాటైన ఉద్యోగం గొంతే. పక్కనున్న ఖాళీ కుర్చీని కాలితో గుమ్మం వైపు నెట్టింది.

"చాలాసేపట్నుంచి నిలబడే ఉన్నారు. కూర్చోండి."

గీతలు నిండుగా లేచాయి.

"నేను కూర్చునే ఉన్నానమ్మా" అన్నాడు పెద్దాయన చెవిలో, కోపం మరచిపోయి.

ఆయనతో మాట్లాడటమైతే పూర్తిచేసింది గాని, సాయంత్రం భర్త వచ్చేదాకా ఆ కుర్చీ దాటి బయటికి రాలేకపోయింది. అతను విని, కుర్చీని పక్కకు జరిపి చూశాడు. గీతలు పోయాయి. తిరిగి వేశాడు. వచ్చాయి. ఇంకోసారి జరిపి చూసే ధైర్యం చేయలేదు.

కుర్చీ అక్కడే ఉండిపోయింది. ఆఫీసు నుంచి మాట పడటం ఆగింది. ఇల్లు వెతకడం ఈ వారం, వచ్చే వారం అంటూ నెమ్మదించింది. భయం పోయిందా అంటే పోలేదు. నడవలో దీపం ఎవరూ ఆర్పేవారు కాదు. ఆ కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు.

ఒక రోజు ఆడపడుచు చెప్పాపెట్టకుండా వచ్చింది. కోడలు ఆఫీసు ఫోనులో ఉంది. వద్దని చెయ్యి ఊపేలోగా వదినగారు ఆ కుర్చీలో చతికిలపడనే పడింది. పడి, చీర సర్దుకుంటూ ఆగిపోయింది.

"ఇదేంటే, కుర్చీ ఇంత వెచ్చగా ఉంది? ఇప్పటిదాకా ఎవరు కూచున్నారు?"

"అత్తయ్య" అంది ఆమె, మైకు చేత్తో మూసి.

"అమ్మ కింద గేటు దగ్గరుంటే మాట్లాడే వచ్చాను కదే!"

ఆమె తెర వైపు చూసింది. గీతలు నిండుగానే ఉన్నాయి. కుర్చీలోంచి లేచినది ఎటు వెళ్ళి నిలబడిందో ఇక గీతలను బట్టి తెలుసుకునే దారి లేదు.

వదినను మెల్లగా ముందు గదిలోకి పంపి, ఆమె కుర్చీని గుడ్డతో తుడిచింది. గుమ్మం పక్కనే వేసింది. "కూర్చోండి" అంది. "ఏమీ అనుకోకండి, ఆవిడకు తెలీదు" అని కూడా అంది.