ఎర్రసబ్బు

నీళ్ళు మరగకూడదు, గోరువెచ్చన దాటకూడదు. మూడు ఇటుకల పొయ్యి మీది డేగిసాలో మోచెయ్యి ముంచి చూసి, రాజమ్మ రెండు పుల్లలు వెనక్కి లాగింది. పసిబిడ్డ ఒంటికి ఎంత వేడి పడుతుందో పోయినవాళ్ళకూ అంతే వేడి పడుతుందని ఆమె నమ్మకం.

సమాధుల దొడ్డి మూలన రేకుల పాక. పాకకు మూడు వైపులా వెదురు గడలకు కట్టిన పాత చీరల తెర. తెర లోపల బల్ల. బల్ల మీద, ఆసుపత్రి పాలిథిన్‌లో చుట్టి తెచ్చిన ఆడమనిషి.

"మీ చుట్టం ఒకావిడ వచ్చిందండీ రాజమ్మగారూ," అన్నాడు కానిస్టేబులు విజయ్ కుమార్, బండి దిగకుండానే. "హంసలదీవి కింద మడ అడవుల్లో దొరికింది. పేపర్లో వేయించినా ఎవరూ రాలా. పోటు ఎక్కకముందే కానిచ్చేయండి. గుంటలో ఊట అప్పుడే మోకాళ్ళ దాకా ఉంది."

"చుట్టమేలే బాబూ. నువ్వెళ్ళి టీ తాగిరా. మగాళ్ళుంటే ఆవిడ సిగ్గుపడుద్ది."

అతను నవ్వబోయి, పాలిథిన్ వైపు చూసి, మానుకున్నాడు.

పొట్టి మనిషి రాజమ్మ. ఎప్పుడూ నానుతూ ఉండే చేతులకు వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. ఎవరింటికైనా నవ్వుతూ వెళ్ళినా, ఆ చేతులు చూసి ఇల్లాళ్ళు పసిబిడ్డలను పక్కకు తీసుకుంటారు. ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు.

ఉప్పెన వచ్చిన ఏడు, తల్లి తన చీర విప్పి పసిపిల్లగా ఉన్న ఆమెను తాటిచెట్టుకు కట్టింది. తనను కట్టుకోవడానికి చీర మిగల్లేదు. నీళ్ళు తీశాక మనుషులను కుప్పలుగా పూడ్చారు. కడిగినవాళ్ళు లేరు, పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఆమె తల్లి పేరు ఇదని చెప్పేందుకు ఊరే మిగల్లేదు. బందరు మిషను హాస్టల్లో వార్డెనమ్మ పెట్టిన పేరు రాజమ్మ. పెళ్ళి మళ్ళీ ఆమెను దివిసీమకే తెచ్చింది. మొగుణ్ణి పడవతో సహా సముద్రం తీసుకుంది. ఆ తర్వాత పేటలో ఒక ముసలామె ఒంటినిండా పుళ్ళతో పోయింది. వాకిట్లో జనం, గదిలో శవం, మధ్యన గడప, దాటేవారు లేరు. ఆ వారం చర్చిలో విన్నది ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి. బతికున్నవాళ్ళ కాళ్ళు ఆయన కడిగాడు, మిగిలినవాళ్ళను నాకు వదిలాడు కాబోలు అనుకుని, రాజమ్మ గడప దాటి నీళ్ళు పోసింది. అంతే, పేటలో ఎవరు పోయినా ఆమెకే కబురు.

ఆమె పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. మనిషికో కొత్త ఎర్రసబ్బు. మిగిలిన ముక్క ఇంటికి తీసుకుపోకూడదు, దారిలోనే కాలవలో వేయాలి. ముడిచిన పిడికిలితో ఎవరినీ మట్టికివ్వకూడదు. ప్రభువు దగ్గరికి అరచేతులు తెరుచుకునే వెళ్ళాలి. బిగుసుకున్న వేళ్ళను బలంతో లాగితే విరుగుతాయి, పేరు పెట్టి పిలిస్తే వదులుతాయి. "చెయ్యివ్వమ్మా మార్తా" అంటే మార్త చెయ్యిచ్చేది. నిజంగా వింటారో, తన చేతుల వెచ్చదనానికి వదులుతారో ఆమెకు తెలియదు. మోకరించిన ప్రతిసారీ ఆ ఒక్కటే అడిగేది. జవాబు రాలేదు.

తెర కిందినుంచి బకెట్టు లోపలికి జరిగింది. వెనకే ఒక చెయ్యి. మొహం మాత్రం అటు తిరిగి ఉంది. పక్కింటి వినీల. రొయ్యల షెడ్డులో తలలు వొలిచే పిల్ల. కిందటేడు దాని తల్లికి రాజమ్మే నీళ్ళు పోసింది.

"లోపలికి రావే. కరవదు."

"నేను రాను అత్తా. నీళ్ళందిస్తా, అంతే."

"రేపు నాకెవరు పోస్తారే? నా పిడికిలి ఎవరు తెరుస్తారు?"

"నీకేం! మమ్మల్నందర్నీ కడిగి పంపించి, ఆఖర్న తీరిగ్గా నీ నీళ్ళు నువ్వే పోసుకుని పోతావు."

రాజమ్మ నవ్వింది గానీ, ఆ మాట ఆమె లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

తల కడిగింది. జుట్టులోంచి ఇసుక, మడాకు, ఉప్పు వచ్చాయి. భుజాలు కడిగింది, పాదాలు కడిగింది. ఎడమ చెయ్యి తెరిచే ఉంది. కుడి పిడికిలి మాత్రం రాయి.

"పెద్దమ్మా, చెయ్యివ్వు." లేదు. "చెల్లీ." లేదు. "ఎస్తేరూ... దమయంతీ... ఖైరున్నిసా..." పేరు వెనక పేరు తెరకు తగిలి పడిపోయింది. బయట గుంటలోంచి ఊట తోడుతున్న చప్పుడు.

"అయ్యిందా రాజమ్మగారూ?" జాన్సన్ పాస్టరుగారి గొంతు. "తోడేకొద్దీ ఊరుతోందండీ."

"ఒక్క నిమిషం అయ్యగారూ."

ఇవ్వడానికి ఇంకే పేరూ మిగల్లేదు. ఒక్కటి తప్ప. ఆమె వంగి, ఆ చల్లటి చెవిలో, "రాజమ్మా," అంది.

చిటికెనవేలు కదిలింది. తర్వాత పక్కది. ఒక్కొక్కటిగా వేళ్ళన్నీ, నిద్రలో పసిపిల్ల చెయ్యిలా, విచ్చుకున్నాయి. అరచేతిలో ఏమీ లేదు. అన్నాళ్ళు ఐసులో ఉన్న చెయ్యి, లోపల మాత్రం వెచ్చగా ఉంది.

గుంట దగ్గర పాస్టరుగారు బైబిలు తెరిచి ఆగారు. "ప్రార్థనలో ఏ పేరు చెప్పమంటారు?"

"రాజమ్మ అని చెప్పండయ్యగారూ."

ఆయన ఆమె వైపు చూసి, కళ్ళు మూసుకున్నారు. "మా సహోదరి రాజమ్మను నీ చేతులకు అప్పగిస్తున్నాం ప్రభువా..."

"అదేం పని అత్తా, బతికుండగానే!" అని వినీల ఆమె మోచెయ్యి గిల్లింది. గిల్లిన చోట రాజమ్మకు నొప్పి తెలియలేదు.

తిరుగుదారిలో వినీల వెనకబడింది. "రాజమ్మత్తా! ఆగు!" అని కేకేసింది. రాజమ్మ ఆగింది గానీ వినీల వైపు చూడలేదు. ఆ పిలుపు తనది కాదనిపించి, ఎవరు పలుకుతారా అని సమాధుల దొడ్డి వైపు చూసింది. పోటు నీరు గట్టు పక్క బోదెలోకి చప్పుడు లేకుండా ఎక్కుతోంది. కాలవ వంతెన దాటింది. చెయ్యవలసిన పని ఏదో ఉందనిపించింది, ఏమిటో గుర్తుకు రాలేదు.

ఇంటికి వచ్చి కొంగు విప్పితే సబ్బు ముక్క. ఇన్నేళ్ళలో ఎన్నడూ చెయ్యని తప్పు. వెళ్ళి కాలవలో వేసి రావాలని దాన్ని చేత్తో పట్టుకుని, కాస్త ఊపిరి తీసుకుందామని గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. పొద్దు వాలుతోంది. దూరంగా సముద్రం, ఎవరో చీర విప్పుతున్న చప్పుడు చేస్తోంది.

దీపాలవేళ చేపల కూర గిన్నెతో వచ్చిన వినీల ఆమెను పిలిచింది. భుజం తట్టింది. గిన్నె కింద పెట్టేసి అక్కడే కూలబడింది.

మర్నాడు రేకుల పాక దగ్గర పేటంతా చేరింది. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి, చీరల తెర కట్టి ఉంది, దాటేవారు లేరు. పాస్టరుగారు ఆడవాళ్ళ వైపు చూశారు. ఆడవాళ్ళు నేల చూశారు. వినీల డేగిసాలో మోచెయ్యి ముంచింది, రెండు పుల్లలు వెనక్కి లాగింది, తెర ఎత్తింది.

మొదట పాదాలకు వెచ్చదనం తగిలింది రాజమ్మకు. ఆ వెచ్చదనం మెల్లగా మోకాళ్ళకు పాకింది. ఎవరో ఏడుస్తూ పోస్తున్నారు, పోస్తూ పిలుస్తున్నారు.

"రాజమ్మత్తా, చెయ్యివ్వు. సబ్బు నీ చేతిలోనే ఉండిపోయింది. రాజమ్మత్తా..."

ఆ పేరు ఇప్పుడు మట్టి కింద వేరే మనిషిది. పిడికిలి కదల్లేదు.

నీళ్ళు బల్ల అంచునుంచి కారుతున్న చప్పుడు. మళ్ళీ అదే గొంతు, ఈసారి చెవికి ఆనుకుని, భయం లేకుండా:

"అమ్మా."

అయితే వింటారన్నమాట, అనుకుంది రాజమ్మ. వేళ్ళు ఒక్కొక్కటిగా వదిలేసింది.

బల్ల మీదికి జారిన ఎర్రసబ్బు ముక్క, ఒకవైపు సముద్రంలోంచి వచ్చిన మనిషిని కడిగి అరిగి, రెండోవైపు నాలుగు వేళ్ళ గుర్తులతో, తడికి మెరుస్తూ వినీల చేతి పక్కన ఉంది.