పొగగొట్టానికి కడియం

ఊడిపడే షాఫ్టును పట్టుకోవడానికి చేయించిన ఇనుప కడియం పొగగొట్టం చుట్టూ ఎందుకు ఉంది? ఈ ప్రశ్న వేసి పదకొండు రోజులైంది. ముప్పై ఆరేళ్లు రైలు పట్టాలు తనిఖీ చేసి పదవీ విరమణ పొందిన నా భర్త ధనుంజయరావు జవాబైతే చెప్పారు గాని, కడియం మాత్రం ఇంకా అక్కడే ఉంది.

గత నెల మందిర్ హసౌద్ దాటాక, మా పాత అంబాసిడర్‌లో ఇంజను శక్తిని వెనుక చక్రాలకు చేరవేసే షాఫ్టు ముందు కొస ఊడి, నా పాదాల కింది రేకును సుత్తిలా బాదింది. చేతిలోని పుస్తకం ఎగిరిపడింది. ఏ పేజీలో ఉన్నానో నేటికీ తేలలేదు. షాఫ్టు చుట్టూ రక్షణ కడియం బిగిస్తే తప్ప ఆ బండిలో కాలు పెట్టనని అక్కడికక్కడే ప్రకటించాను.

బండి కింద రెండు గొట్టాలు పక్కపక్కనే సాగుతాయి: తిరిగే షాఫ్టు ఒకటి, పొగ వదిలే సైలెన్సర్ గొట్టం మరొకటి. రెండోదానికి తగలకుండా మొదటిదాన్ని చుట్టేలా మా ఆయన నక్షా గీసి, ఉర్లాలోని ఇనుప కర్ఖానాలో కడియం చేయించారు. నక్షా మీద ‘కడియం ఎడమ గొట్టానికి’ అని రాసి సంతకం చేశారు. బిగించే పని, బోగీల కర్ఖానాలో ఫిట్టరుగా చేసి రిటైరైన జోగయ్యకు అప్పగించారు.

పని ముగిసిందన్నాక చాప పరుచుకుని, టార్చి వేసి చూశాను.

"జోగయ్యా, ఇది పొగగొట్టం కాదూ?"

"అవునమ్మా. బిగించినప్పుడే సూసినాను."

"చూసి?"

"బాబుగారి సంతకం ఉంది కదమ్మా. సంతకం మీద నోరెత్తితే ఎలగ?"

మా ఆయన వచ్చి వివరించారు. రైలుమార్గంలో ఎడమ, కుడి అనేవి కిలోమీటరు అంకెలు పెరిగే దిక్కుకు ముఖం పెట్టి నిర్ణయిస్తారట. ఇక్కడ అవి దుర్గ్ వైపు పెరుగుతాయి. మా బండి ముఖం దానికి ఎదురు దిక్కున, బిలాస్‌పూర్ వైపు ఉంది. అంటే ఆయన ఎడమ బండికి కుడి. బోగీలవాడైన జోగయ్యకు ఎడమ అంటే బండి ఎడమ.

"ఏమండీ, శంకర్ నగర్‌లో మన వాకిట్లో కిలోమీటరు రాయి ఎక్కడుంది?"

"పద్ధతి పద్ధతే, తాయారూ. తప్పు బండిని అటు తిప్పి నిలబెట్టినవాడిది."

"నిలబెట్టింది మీరు."

"అప్పుడు నేను డ్యూటీలో లేను. బస్, ఖతం."

జోగయ్య నవ్వు దాచుకోవడానికి మళ్లీ బండి కిందికి దూరాడు.

"పోనీ, సైలెన్సర్ ఇక ఊడదుగా!" అన్నారు మా ఆయన.

"అది నా కాళ్ల జోలికి ఎన్నడూ రాలేదు."

ప్రత్యక్షాన్ని మించిన ప్రమాణం లేదంటుంది తర్కశాస్త్రం. మా ఇంట్లో సంతకం దాన్నీ మించింది. నక్షా దిద్దాలంటే మూడో మనిషి తనిఖీ చేసి సంతకం పెట్టాలట. ఫిర్యాదు చేసినవారి సంతకం చెల్లదట. వచ్చే ఆదివారం మా మేనకోడలు నీలిమ గృహప్రవేశానికి మళ్లీ ఆ మందిర్ హసౌద్ దారినే వెళ్లాలి. నాకున్న పాదాలు రెండు.

కనుక, ఇది చదువుతున్న మీరు శనివారం ఉదయం మా ఇంటికి రండి. చాప నేను పరుస్తాను. బండి కింద పడుకుని, కడియంలో ఉన్నది తిరిగేదో పొగ వదిలేదో చూసి, కాగితం మీద రాసి, సంతకం పెట్టండి.