జాలీలు బిగిస్తే లేస్తాం

"ఆ కట్టు అలాగే ఉంచమ్మా, చూడ్డానికి సహజంగా ఉంటుంది," అన్నాడు భద్రతా శిక్షణాధికారి.

ఎవరితో అన్నాడనుకున్నారు? పోయిన వారమే రేకులు నొక్కే ప్రెస్సు కింద మూడు వేళ్ళు పోగొట్టుకున్న మనిషితో. గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఇంట్లో కూర్చుంటే పని పోతుందన్నారని, కుడిచేతికి కట్టుతో వచ్చి ఎడంచేత్తో షెడ్డు ఊడుస్తోంది. ఆ రోజు సూపర్‌వైజర్లకి భద్రతా శిక్షణ. మధ్యాహ్నం ప్రమాదం జరిగినట్టు ఓ నాటకం ఆడించాలట, దానికి గాయపడ్డవాళ్ళు కావాలట. కట్టుతో సహా మనిషి ఊరికే దొరికింది మరి! సిగ్గూ శరమూ ఉన్న నోటికి ఆ మాట వస్తుందా?

పక్కనున్న కొత్త సూపర్‌వైజరు తల దించుకున్నాడు. ఆమె అతనికి పిన్ని. ఈ రేకుల ఫ్యాక్టరీలో అతన్ని పనికి పెట్టించింది ఆమే. నెల కిందటే అతనికి సూపర్‌వైజర్ల తెల్లచొక్కా ఇచ్చారు.

ఆ పొద్దునే కాసేపటికి చల్లటి గదిలో బిస్కెట్లు పంచి పాఠం మొదలెట్టారు.

"ప్రమాదం జరగ్గానే ముందు ఏం చెయ్యాలి?" అడిగాడు అధికారి.

"మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలండి," అన్నాడో ముసలి సూపర్‌వైజరు.

"తప్పు! ముందు అందరి ఫోన్లూ తీసేసుకోవాలి. ఫొటోలు బయటికెళ్తే కంపెనీ పరువేం కాను?"

మనిషి రక్తం కారిపోతుంటే వీళ్ళకి పరువు కావాలి! అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. అధికారి కొత్త సూపర్‌వైజర్ని లేపాడు.

"నీ సెక్షన్‌లో మొన్న ప్రమాదం ఎందుకు జరిగింది?"

ఎందుకో అతనికి తెలీదా? ప్రతి ప్రెస్సు ముందూ ఇనప జాలీ ఉండేది. అది మూస్తేనే ప్రెస్సు దిగేది, చెయ్యి లోపలుండగా దిగే వీలే లేదు. మూసి తెరవడంతో పని సాగట్లేదని మేనేజరు దగ్గరుండి అన్నీ ఊడదీయించాడు. ఆ మేనేజరే ఇప్పుడు వెనక కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఇతను వెనక్కోసారి చూశాడు. చివరికి, "ఆమె పరధ్యానం, సార్," అన్నాడు.

చప్పట్లు కొట్టారు. 

మధ్యాహ్నం సైరన్ మోగింది. చెప్పినట్టే ప్రెస్సుల మధ్య నేలమీద కార్మికులు పడుకున్నారు. తెల్లచొక్కాలు స్ట్రెచర్లతో అటూ ఇటూ పరిగెత్తాయి. అధికారి ఫొటోలు తీయించుకుని ఈల వేశాడు.

"అయిపోయింది. లేచి ప్రెస్సులు ఆన్ చెయ్యండి."

అందరూ లేస్తున్నారు. పిన్ని మాత్రం కదల్లేదు.

"లేవమ్మా, ఇదంతా ఉత్తుత్తిదేగా!"

"నా వేళ్ళు ఉత్తుత్తిగా పోయాయా బాబూ? జాలీలు బిగించండి, లేస్తాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. సగం లేచిన ఇద్దరాడవాళ్ళు మళ్ళీ పడుకున్నారు.

"పిల్లలుగలవాణ్ణి, ఉద్యోగం పోతే ఏం పెట్టి సాకను?" గొణిగాడు వెల్డరు.

"చేతులు పోతే ఏం పెట్టి సాకుతావురా?" అంది పిన్ని, పడుకునే.

 "నీతో వేగలేం తల్లీ," అంటూ వెల్డరు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడుకున్నాడు. ఇంకేముంది, ప్యాకింగువాళ్ళూ వచ్చేశారు. షెడ్డంతా మనుషులే, ఒక్క ప్రెస్సూ తిరగడం లేదు.

మేనేజరు శివాలెత్తాడు. "చూస్తారేం? ఎత్తి గేటవతల పారెయ్యండి! ముందు ఆ కట్టుదాన్ని!"

కొత్త సూపర్‌వైజరు స్ట్రెచర్ పట్టుకుని పిన్ని దగ్గరికొచ్చాడు.

"ఎత్తరా నాయనా. నేను పరధ్యానంగా ఉన్నానని పొద్దున చెప్పావట కదా. ఇప్పుడు సోయిలోనే ఉన్నా, ఎత్తు."

అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. స్ట్రెచర్ కింద పడేశాడు.

"అబద్ధం చెప్పాను!" షెడ్డు దద్దరిల్లేలా అరిచాడు. "పిన్ని తప్పేం లేదు. జాలీలు ఊడదీయించింది ఈ మేనేజరు! నా కళ్ళముందే ఊడదీయించాడు!"

"నీ ఉద్యోగం పోయినట్టే," అన్నాడు మేనేజరు.

"పోనీ!" అని పిన్ని పక్కన పడుకున్నాడు.

పోలీసులు రావడానికి ఎంతసేపు? కార్మికుడి చెయ్యి తెగినప్పుడు రాని వ్యాను, ప్రెస్సు ఆగితే రెక్కలు కట్టుకుని వాలింది. పిన్నినీ, అతన్నీ కాళ్ళూ చేతులూ పట్టి ఈడ్చుకెళ్ళారు. మిగతావాళ్ళని లాఠీలతో లేపి గేటు దాటించారు. గేటు బయట రెండో షిఫ్టువాళ్ళు అంతా చూస్తూ నిలబడి ఉన్నారు.

"జాలీలు లేవు! ప్రెస్సులో చెయ్యి పెట్టకండి!" వ్యానులోంచి గొంతు చించుకుని అరిచింది పిన్ని.

వ్యాను వెళ్ళిపోయింది. మేనేజరు చేతులు దులుపుకుని, "ఊఁ, పదండి పదండి, చాలా టైం వేస్టయింది," అంటూ కొత్త షిఫ్టుని లోపలికి తోలాడు.

వాళ్ళు వరసగా వెళ్ళారు. ఎవరి ప్రెస్సు దగ్గర వాళ్ళు నిలబడ్డారు. అందరికంటే ముందున్నావిడ కొంగు బిగించి, మేనేజరు ముఖంలోకి సూటిగా చూసింది.

"మేం ఎక్కడ పడుకోవాలి సార్?" అంది. జవాబు కోసం ఆగలేదు.