ఇరవై ఐదుకూ ఇరవై ఏడుకూ మధ్య

నా భార్య సువర్చల పోయిన రోజునే మా ఇంట్లో ఇరవై ఆరు అనే సంఖ్య కూడా పోయింది. ఆమె సంగతి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి చెప్పారు. సంఖ్య సంగతి నేనే చూశాను, మర్నాడు ఉదయం, చేపల తొట్టి దగ్గర. థర్మామీటరులో ఇరవై ఐదు తరువాత ఇరవై ఏడు ఉంది. మధ్యలో గీత కూడా లేదు. అక్కడ గాజు నున్నగా ఉంది.

తొట్టిలో ఉన్నవి సముద్రపు నీళ్లు. అందులో నారింజ రంగు మీద తెల్ల చారలున్న రెండు చేపలు, ఒక రాయి, రాతి మీద గుడ్లు. ఆ రోజు పొద్దున పరీక్షల కోసం వాళ్లక్కతో ఆసుపత్రికి బయలుదేరుతూ సువర్చలే వాటిని మొదట చూసింది.

"ఇరవై ఆరు డిగ్రీలు తప్పకూడదు. వారంలో పిల్లలొస్తాయి. చూస్తారుగా?" అంది.

చూస్తానని చెప్పి బడికి వెళ్లాను.

ఇప్పుడు ఆ నీళ్లకు నిలబడే చోటు లేదు. మధ్యాహ్నం ఎండ కిటికీలోకి రాగానే ఇరవై ఏడుకు దూకుతాయి. ఆమె చేసినట్టే, గడ్డకట్టిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి ఎడమచేత్తో తేలవేస్తాను. ఇరవై ఐదుకు పడిపోతాయి. కుడిచేయి ఆ రోజు నుంచి ముడుచుకునే ఉంది. అన్నం కూడా ఎడమచేత్తోనే తింటున్నాను.

నీళ్లు దూకినప్పుడల్లా గది ఒక బారెడు పొడుగవుతోంది. పడినప్పుడు తగ్గడం లేదు. తొట్టి దగ్గరికి ఇదివరకు నాలుగడుగులు. ఇవాళ ముప్ఫై ఒకటి. ఇరవై ఐదో అడుగు తరువాత కాలు కాసేపు గాలిలోనే ఉంటుంది.

ఐదో రోజున, తొట్టి అమ్మిన గవర్రాజు వచ్చాడు. అంత దూరమూ నడిచి, థర్మామీటరును వెలుతురుకు పట్టి చూశాడు.

"సామాను బాగానే ఉందండి మాస్టారూ. అంకే లేదు. అమ్మగారైతే ఈపాటికి నాకు నాలుగు సీవాట్లు పెట్టేవోరు."

"ఏం చెయ్యమంటావు?"

"నీల్ల మీదకి ఫ్యాను పెట్టండి. తగ్గితే మంచినీల్లే పొయ్యండి, ఉప్పునీల్లు వొద్దు. ఆవిరయ్యేది నీల్లేనండి. ఉప్పెక్కడికీ పోదు." అని నా చేతి వైపు చూశాడు. "ఆ పిడికిట్లో ఏటుంది?"

అప్పుడు గుర్తొచ్చింది. రోజూ తరగతిలోకి వెళ్లగానే బోర్డు కుడి మూల తేదీ వేస్తాను. ఆ రోజు ఇరవై ఆరు. ఫోన్ రాగానే ఆ అంకెలను తుడిచాను. డస్టరు బల్ల మీదే ఉంది. అయినా అరచేత్తో తుడిచాను. ముప్ఫై ఏళ్లలో అలా ఎప్పుడూ చేయలేదు.

చూపుడువేలు కొద్దిగా ఎత్తి చూపించాను. లోపల ఇరవై ఆరు ఉంది, సుద్దతో, తిరగబడి, గోరువెచ్చగా.

"ఇక్కడుందా? నీల్లలో వొదిలీండి మాస్టారూ. అదే సరైపోద్ది."

"వదిలితే ఆ రోజు అయిపోతుంది, గవర్రాజూ. ఇప్పుడు ఇంకా అవలేదు. ఆమె గుమ్మం దగ్గరే ఉంది, చూస్తారుగా అంటోంది."

అతను వంగి రాతి మీది గుడ్లను చూశాడు.

"మరి గుడ్లకి రోజులైపోతన్నాయి కదండి. రేపు సాయంత్రం దాటితే నాను సెప్పలేను." అని, గది పొడుగు కనక, చాలాసేపు నడిచి వెళ్లిపోయాడు.

ఇది ఆరో రోజు మధ్యాహ్నం. గుడ్లకు వెండి కళ్లు వచ్చాయి. హాజరు పిలుస్తానని చూసే తరగతిలా అవన్నీ నన్నే చూస్తున్నాయి. కొన్ని అప్పుడే చచ్చి తెల్లబడ్డాయి. మగచేప రెక్కలతో వాటి మీదికి నీళ్లు విసురుతూనే ఉంది.

సముద్రం మెట్లెక్కి మా మూడో అంతస్తుకు వచ్చింది. ఆలస్యంగా వచ్చిన పిల్లలా గుమ్మం బయటే నిలుచుంది. దాని చేతుల్లో సువర్చల ఆసుపత్రికి వేసుకెళ్లిన చెప్పులున్నాయి. వాటికి తడి లేదు. అది వాటిని గుమ్మం పక్కన జతగా పెట్టి, నేను లోపలికి పిలిచేదాకా ఆగుతోంది.

నేను పిడికిలిని మణికట్టు దాకా తొట్టిలో ముంచాను. నీళ్లు దూకడం ఆపి, ఇరవై ఐదుకూ ఇరవై ఏడుకూ మధ్య నున్నటి గాజు మీద నిలబడ్డాయి. ఆడచేప వచ్చి నా బొటనవేలిని మూతితో తోస్తోంది.

పిడికిలి ఇంకా తెరవలేదు.